దిగువవారి ఋణము

మన యిండ్లలో గాని, మన దేవాలయములలో గాని పూజకు కలశము నుంచినప్పుడు పురోహితుడు ఏడు నదుల పేర్లను పలికి, ఆ నీటిలోనికి వానిని ఆహ్వానించును. గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధువు, కావేరి. (ఆ వరుసలో కృష్ణకు చోటు లేకపోవుట తెలుగువారికి కొంత కష్టము కలిగించు సంగతియే గాని, నేటి చర్చ అది కాదు.) మన పూర్వులు మారిషస్‌లోను, నాటాల్‌లోను, ఫిజీలోను, చెఱకుతోటల ప్రక్క కూలీల లైన్లలో నివసించుచు కూడ ఈ ఏడు పేర్లను మఱువలేదు. ఏ పరాయి వాగు నీరైనను ఆ పేర్లు పలికినంతనే వారికి పుణ్యజలమయ్యెను. నీరు ఎక్కడనుండి వచ్చినదను విషయమున మన సంప్రదాయమునకు ఇంత శ్రద్ధ కలదు. అది మన చేతిని దాటిన పిమ్మట ఎక్కడికి పోవునను విషయమున మనకు ఎంత శ్రద్ధ కలదు? అమెరికా దేశమున, ఇల్లినాయ్ రాష్ట్రమందలి షామ్‌బర్గ్ పురమును ఉదాహరణముగా తీసికొని ఈ ప్రశ్నను పాఠకుల యెదుట ఉంచదలచితిని.

షామ్‌బర్గ్ చికాగో నగరమునకు వాయవ్య దిశయందున్నది. 1956లో అది గ్రామముగా నమోదైననాడు అందలి జనులు 130 మంది మాత్రమే. 2020 నాటి లెక్కలలో ఆ సంఖ్య 78,000 దాటెను. 1971లో ఉడ్‌ఫీల్డ్ అను గొప్ప అంగళ్ళ సముదాయము వెలసెను. పిదప కార్యాలయములు వచ్చెను. వాని వెంట మనవారును వచ్చిరి. జనులు పెరిగినచో మురుగును పెరుగును. 1975లో ఆ పురముననే, మీచమ్ రోడ్డు ప్రక్కన, జాన్ ఇ. ఈగన్ పేరిట మురుగునీటి శుద్ధి కేంద్రము పని నారంభించెను. చికాగో ప్రాంతపు మురుగునీటి బాధ్యతను వహించు మెట్రోపాలిటన్ వాటర్ రిక్లమేషన్ డిస్ట్రిక్ట్ అను సంస్థ దానిని నడపుచున్నది. సగటున రోజునకు 3 కోట్ల గ్యాలన్ల నీటిని శుద్ధి చేయుటకు వీలుగా అది నిర్మింపబడినది. ఆ రోడ్డు మీద ప్రతిదినము కారులలో పోవువారు వేలకొలది; ఆ ప్రాకారము లోపల ఏమి జరుగుచున్నదని అడుగువారు అరుదు.

లోపల జరుగు పని మిక్కిలి సామాన్యమైనది, మిక్కిలి ఆశ్చర్యకరమైనది కూడ. మొదట ఇనుప కడ్డీల జల్లెడలు గుడ్డపేలికలను, చెత్తను ఆపును. తరువాత ఇసుక అడుగునకు దిగును. పెద్ద తొట్లలో నీరు నెమ్మదించి, బరువైన మడ్డి క్రిందికిని, నూనె జిడ్డు పైకిని చేరును. అటుపిమ్మట నీటిలోనికి గాలిని ఊదుదురు. ఆ గాలితో బ్రతుకు కోట్లకొలది సూక్ష్మజీవులు నీటిలో కరగియున్న మలినమును తిని వృద్ధి పొందును. తిని బలిసిన ఆ జీవులు మరల అడుగునకు దిగును. వానిలో కొంత భాగమును తీసి క్రొత్తగా వచ్చు మురుగులో కలుపుదురు. పాలు తోడువేయుట ఎఱిగిన మన తల్లులకు ఈ సూత్రమును వేరుగా చెప్పనక్కరలేదు. ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున ఆర్డెర్న్, లాకెట్ అను ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు 1914లో ఈ పద్ధతిని లోకమునకు తెలిపిరి. నేటికిని ప్రపంచమందలి పెద్ద నగరములలో అనేకము దీని మీదనే ఆధారపడియున్నవి.

శుద్ధియైన నీరు సాల్ట్ క్రీక్ అను చిన్న వాగులో విడువబడును. వానలు లేని దినములలో ఆ వాగులో పాఱు నీటిలో పెద్ద భాగము శుద్ధి కేంద్రములనుండి వచ్చినదే. అప్పుడు మనము విడిచిన నీరు వాగులో కలియుచున్నదనుట కంటె, మనము విడిచిన నీరే వాగైనదనుట సత్యము. అది ఎల్మ్‌హర్స్ట్, ఓక్‌బ్రూక్ మున్నగు పట్టణముల మీదుగ పోయి డెస్‌ప్లెయిన్స్ నదిలో కలియును. ఆ నది లెమాంట్ పట్టణము ప్రక్కగా పోవును. లెమాంట్ గుట్ట మీద శ్రీరామచంద్రుని ఆలయము కలదు. చికాగో ప్రాంతపు తెలుగువారు అనేకులు అచ్చట మ్రొక్కుకొందురు. ఆ గుట్టకు అనతిదూరమున లోయలో పాఱు నీటిలో షామ్‌బర్గ్ వంటయిండ్ల నీరు కొంత కలదని వారిలో ఎందఱు ఎఱుగుదురు? అచ్చటినుండి ఇల్లినాయ్ నది, సెయింట్ లూయిస్ నగరమునకు ఎగువన మిసిసిపీ మహానది, చివరకు మెక్సికో సింధుశాఖ.

ఇక షామ్‌బర్గ్ వారు త్రాగు నీరు ఎక్కడిది? అది మిషిగన్ సరస్సునుండి, చికాగో నగరము మీదుగ, గొట్టములలో వచ్చుచున్నది. సరస్సు నీరు త్రాగుదురు. త్రాగి విడిచిన నీరు సరస్సునకు పోదు, దక్షిణముగా మిసిసిపీకి పోవును. ఒక్కసారి వెడలిన నీరు త్రాగినవాని యింటికి మరల రాదు.

ధర్మవిచారమునకు ఈ భూగోళ విషయమే మూలము. సాధారణముగా పిల్లలకు మనమేమి బోధింతుము? నీటిని పాడుచేయకుము, రేపు నీవే త్రాగవలెనందుము. ఇది స్వార్థమును ఆశ్రయించిన నీతి. తప్పు కాదు, పాఠశాలలలో బాగుగ పనిచేయును కూడ. కాని షామ్‌బర్గ్ బాలుడు లేచి, “అయ్యా, ఆ నీటిని నేను ఎన్నడును త్రాగను, త్రాగువాడు నా కగుపడడు, వాడు నాకేమియు ఇచ్చినవాడు కాడు, మరి నేనెందుకు జాగ్రత్త పడవలెను?” అని అడిగినచో ఏమి చెప్పవలెను? ఇది హేళన చేసి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఒక మహానగరము ఈ ప్రశ్ననే, వేఱు మాటలలో, అమెరికా సుప్రీం కోర్టు వఱకు తీసికొనిపోయినది.

పూర్వము చికాగో నది మిషిగన్ సరస్సులోనికి ప్రవహించెడిది. నగరపు మురుగు నదిలో పడి, నది వెంట సరస్సునకు పోయి, అదే సరస్సునుండి త్రాగు జనులకు జబ్బులు తెచ్చెను. అందులకై 1889లో ఏర్పడిన సంస్థవారు 28 మైళ్ళ కాలువను త్రవ్వి, 1900 సంవత్సరము జనవరిలో నది ప్రవాహమునే వెనుకకు త్రిప్పిరి. ఇంజనీరింగు దృష్టిలో అది అద్భుతము. చికాగో ప్రజలు బ్రతికిరి, దానిని తక్కువ చేయరాదు. కాని ఆ మురుగు దిగువకు, సెయింట్ లూయిస్ వైపునకు మరలెను. మిస్సౌరీ రాష్ట్రము వెంటనే వ్యాజ్యము వేసెను. ఇల్లినాయ్ పక్షపు వాదములలో ముఖ్యమైనది, పాఱు నీరు దూరము పోయినకొలది తనంతట శుద్ధియగునని. మిస్సౌరీ పక్షమువారు దీనిని పరీక్షించుటకు ఒక జాతి సూక్ష్మజీవులను 107 పీపాలతో తెచ్చి కాలువలో పోయించిరి. కొన్ని వారముల పిమ్మట ఆ జాతి జీవి సెయింట్ లూయిస్ నగరము నీరు తీసికొనుచోట కనబడినదని సాక్ష్యము చెప్పించిరి. ఐనను 1906లో న్యాయమూర్తి హోమ్స్ వ్రాసిన తీర్పు మిస్సౌరీకి ప్రతికూలమయ్యెను. హాని నిరూపింపబడలేదని ఒక కారణము. మిస్సౌరీ పట్టణములు కూడ సెయింట్ లూయిస్‌కు ఎగువన తమ మురుగును నదిలోనే విడుచుచున్నవి గదా యని మఱియొక మాట.

న్యాయస్థానపు కొలతలో ఆ తీర్పు సరియైనదే కావచ్చును. ధర్మపు కొలత వేఱు. పొరుగువాని చేయి మురికిగా నున్నంత మాత్రమున నా చేయి శుభ్రమగునా? మఱియు, దెబ్బ తిన్నవాడే వందల మైళ్ళ దూరమునుండి వచ్చి, తన దెబ్బకు కారణము ఎవ్వరో శాస్త్రీయముగా నిరూపింపవలెననుట ఎగువవానికి ఎంత అనుకూలమైన నియమము! అమెరికా దేశము 1972లో జలశుద్ధి చట్టమును చేసినప్పుడు ఈ భారమును తలక్రిందులు చేసెను. నదిలోనికి గొట్టము పెట్టువాడు ముందుగా అనుమతి పొందవలెను. ఎంత శుభ్రముగ విడువవలెనో ఆ అనుమతిలో ఉండును. దిగువవాడు రోగియై వచ్చి మొఱపెట్టు వఱకు వేచియుండ నక్కరలేదు. ఈగన్ కేంద్రము ఆ చట్టము వచ్చిన మూడేండ్లకు పుట్టినది.

పాఱు నీటికి మైల అంటదను నమ్మకము ఇల్లినాయ్ న్యాయవాదులదే కాదు, మన పెద్దలలోను ఉండెను. శుచి వేఱు, శుభ్రత వేఱు అను వివేకము లోపించుటయే దీనికి కారణము. మంత్రము చేత శుచియైన నీటిలో రోగక్రిములు ఉండవచ్చును. మంత్రము ఎఱుగని శుద్ధి కేంద్రపు నీటిలో చేపలు సుఖముగ బ్రతుకవచ్చును. అట్లని మన సంప్రదాయము విడిచిన నీటిని గూర్చి ఏమియు ఎఱుగదనుట కూడ అన్యాయము. నీటిలో మలమూత్రములను, ఉమ్మిని, విషమును విడువరాదని మనుధర్మశాస్త్రపు నాలుగవ అధ్యాయము నిషేధించుచున్నది. (ఆ గ్రంథమున మన పూర్వులలో అనేకులను అణగద్రొక్కిన మాటలును కలవు; మంచి మాట ఒకటి దొరికినంతనే తక్కినవానిని క్షమింప నక్కరలేదు.) అంతకంటె నాకు ప్రియమైనది శివాలయపు సోమసూత్రము. అభిషేక జలము గర్భగుడినుండి ఉత్తరముగా వెలువడు ఆ దారిని ప్రదక్షిణము చేయువాడు దాటడు. అంతవఱకు పోయి వెనుకకు మరలును. వెలువడు నీటికి ఒక దారి ఉండవలెనని, ఆ దారిని గౌరవింపవలెనని మన శిల్పులు రాతిలో చెక్కి చూపిరి.

ఆ బాలుని ప్రశ్నకు సమాధానము మాత్రము నాకు మఱియొక చోట, ఋణత్రయమున దొరకినది. మానవుడు దేవతలకు, ఋషులకు, పితరులకు ఋణపడి పుట్టునని మనవారు చెప్పుదురు. ఈ అప్పులు తీర్చు విధమును గమనింపుడు. పితృఋణము తీరునది ప్రధానముగా సంతానము వలన. తండ్రి యిచ్చినదానిని తండ్రికి తిరిగి యిచ్చుట సాధ్యము కాదు గనుక బిడ్డలకు ఇత్తుము. ఋషుల ఋణము అధ్యయనము చేత, నేర్చినదానిని పరులకు నేర్పుట చేత తీరును. ఉపాధ్యాయ వృత్తిలో నున్నవారికి ఇది నిత్యానుభవము. మా గురువులకు మేమేమియు తిరిగి యీయలేదు, మా యెదుట కూర్చున్నవారికి ఇచ్చుచున్నాము. అప్పు ఎగువనుండి వచ్చును, చెల్లింపు దిగువకు పోవును. నీటి విషయము అచ్చముగా ఇట్టిదే. షామ్‌బర్గ్ బాలుడు సరస్సునకు ఏమియు తిరిగి యీయలేడు. దిగువవాడు తనకేమియు ఇయ్యలేదను అతని మాట నిజమే. కాని అప్పు ఇచ్చినవాడును, చెల్లింపు పొందువాడును ఒక్కడే కావలెనను నియమము ఎక్కడిది? మన తాతలు ఒప్పందపు కాగితముల మీద వ్రేలిముద్రలు వేసి ఓడ లెక్కిరి. వారి శ్రమకు వారికి చెల్లించినవారు మనలో ఎవ్వరు?

మన సంతతివారు ఈ మాటను ఇతరులకంటె సులభముగ గ్రహింపగలరని నా నమ్మకము, ఏలయన మన పేరే దిగువవారి పేరు. మారిషస్‌లోను, బర్మాలోను తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. కోరంగి గోదావరి సముద్రమున కలియుచోట నున్న రేవు. నాసిక వద్ద త్ర్యంబకమున పుట్టిన నది దేశమంతయు కడిగి తెచ్చిన నీటిని చిట్టచివర పుచ్చుకొనునది ఆ ఊరే. 1789, 1839 సంవత్సరముల తుపానులలో ఆ రేవు నాశనమయ్యెను. పేరు మాత్రము సముద్రములు దాటెను. దేవాలయపు తరగతిలో తెలుగు నేర్చునాడు ‘ఎగువ’, ‘దిగువ’ అను మాటలను వ్యతిరేకపదముల పట్టికలో కంఠస్థము చేసితిమి. అవి కాలువలనుబట్టి బ్రతుకు రైతుల మాటలని, కాలువ చివర భూమి గలవాని దిగులు వానిలో కలదని అప్పుడు మాకెవ్వరును చెప్పలేదు.

మన పూర్వుల దేశమున నేటి స్థితి ఎట్లున్నది? హైదరాబాదు నగరము చికాగో కథకు అద్దము పట్టినట్లున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని బలిగొన్న పిమ్మట విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెఱువులు నిర్మింపబడినవి. నగరపు మురుగు కాలువలకును ఆయనయే పథకము వేసెను. నేడు నగరము త్రాగు నీటిలో అధికభాగము దూరమునుండి, కృష్ణా గోదావరీ మంజీరా నదులనుండి వచ్చుచున్నది. కృష్ణ నీటిని నాగార్జునసాగరమునుండి తీసికొందురు. విడిచిన మురుగు మూసీ వెంట పోయి వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. వాడపల్లి నాగార్జునసాగరమునకు దిగువ. ఇచ్చటను త్రాగువానికి తన మురుగు తిరిగి రాదు. అంబర్‌పేటలో రోజునకు 33.9 కోట్ల లీటర్ల శుద్ధి కేంద్రము మొదలుగా పెక్కు కట్టిరి, ఇంకను కట్టుచున్నారు. ఐనను మూసీ నది ఇంకను మూసీ కాలేదు. దిగువన పీర్జాదిగూడ, ప్రతాపసింగారము మున్నగు గ్రామములవారు ఆ నీటితోనే పశువుల గడ్డిని, వరిని పండించిరి. ఆ గడ్డి నగరపు పాడిపశువులకు అమ్ముడుపోయెను. నగరము తన మురుగు పోయినదనుకొనెను, అది పాలచెంబులో తిరిగి వచ్చెను.

ఎగువ దిగువలు నదులకే పరిమితములు కావు. మన పూర్వులను తెచ్చిన ఓడలలో మరుగుదొడ్లు కడుగుటకు టోపాజులని పిలువబడువారిని ప్రత్యేకముగా నియమించిరి. ఓడలో కులములు కలిసిపోయెనని మనము గర్వముగ చెప్పుకొందుము. ఆ పని మాత్రము ఎవ్వరికి వచ్చెనో చెప్పుకొనము. భారతదేశమున మానవ మలమును చేతులతో ఎత్తించుటను 1993లోను, మరల 2013లోను చట్టములు నిషేధించినవి. ఆ దురాచారముతో పోరాడిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల పట్టణమున, ఆ పనిలోనే నలిగిన కుటుంబమున పుట్టెను. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారము లభించెను. ఐనను మురుగు గుంతలలో దిగి మరణించువారి వార్తలు నేటికిని ఆగలేదు. ఈగన్ కేంద్రమున ఈ పని చేయువారు శిక్షణ పొంది, జీతముతో, గౌరవముతో ఇంటికి పోవుచున్నారు. సూక్ష్మజీవుల కంటె ఈ విషయమునే మన పిల్లలకు ముందుగా చూపవలెను.

దిగువ యనగా ఎంత దూరమను ప్రశ్న ఇంకను మిగిలియున్నది. చికాగో ప్రాంతమందలి పెద్ద కేంద్రములు రెండు దీర్ఘకాలము క్రిములను చంపకుండగనే శుద్ధజలమును నదిలో విడిచినవి. ఆ నీటిలో స్నానము చేయువారెవ్వరును లేరనుటయే కారణము. పడవలు వేసికొని జనులు నదిలోనికి రాసాగిన పిమ్మట వాదోపవాదములు జరిగి, 2015లో ఒక కేంద్రమునను, 2016లో రెండవదానను క్రిమిసంహారము మొదలయ్యెను. కంటికి కనబడినవాడే దిగువవాడయ్యెనన్నమాట. కనబడనివారు సముద్రతీరమున ఉన్నారు. నీటిలోని నత్రజని, భాస్వరము మెక్సికో సింధుశాఖకు చేరి నాచును పెంచును; ఆ నాచు చచ్చి కుళ్ళునప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించును; చేపలు పాఱిపోవును, పాఱలేనివి చచ్చును. 2017లో ఆ నిర్జీవ ప్రాంతము 8,776 చదరపు మైళ్ళు ఉండెను. నత్రజనిలో అధికభాగము మొక్కజొన్న పొలములదని పట్టణములవారు చెప్పుదురు, అది నిజము. ఇల్లినాయ్ నుండి పోవు భాస్వరములో దాదాపు సగము పట్టణముల శుద్ధి కేంద్రములదని రైతులు చెప్పుదురు, అదియు నిజము. 1906 నాటి మాటయే మరల వినబడుచున్నది గదా! రెండింటిని నూటికి 45 వంతులు తగ్గింపవలెనని ఇల్లినాయ్ రాష్ట్రము 2015లో లక్ష్యము పెట్టుకొనెను. దానికి ధనము కావలెను, ఆ ధనము ఇంటిపన్నులో వచ్చును. లూసియానా తీరపు రొయ్యల వేటగాని కొఱకు షామ్‌బర్గ్ గృహస్థుడు చెల్లించు ఆ కొద్ది డాలర్లను నేను దానమనను. అప్పు తీర్చుట యందును.

మన చేతిలో నున్న పనులు చిన్నవియే. పండుగ నాడు గారెలు, బూరెలు వండిన నూనెను తొట్టిలో పోసినచో అది గొట్టములలో గడ్డకట్టి మురుగును వీధిలోనికి ఎగదన్నును. చల్లార్చి డబ్బాలో పోసి చెత్తతో పంపవలెను. మిగిలిన మందులను మరుగుదొడ్డిలో వేయరాదు. వానినన్నిటిని తినగల సూక్ష్మజీవులు ఆ తొట్లలో లేవు. షామ్‌బర్గ్ వంటి పురములలో వాననీటి కాలువ వేఱు, మురుగు గొట్టము వేఱు. వీధి ప్రక్కనున్న ఇనుప జాలీలో పోసినది ఈగన్ కేంద్రమునకు పోదు, నేరుగా వాగునకు పోవును. పాలు దేవునికి ప్రియమే గాని, వాగులో పడిన పాలు మురుగుకంటె ఎక్కువగా ప్రాణవాయువును హరించును. కావున క్రొత్తగా ఆలయము కట్టించుచున్న నిర్వాహకులు అభిషేక జలము ఏ గొట్టమునకు చేరవలెనో నిర్మాణపటము తయారగుటకు ముందే పురపాలకుల నడిగి తెలిసికొనుట మంచిది. ఇదివఱకే కట్టిన ఆలయములవారు ఒక బకెట్టు రంగునీటిని సోమసూత్రమున పోసి, అది ఎక్కడ తేలునో ఒక మధ్యాహ్నము నడచి చూడవచ్చును.